మూర్ఛ ఉన్నవారికి ఉద్యోగం: అడగాల్సిన ప్రశ్న ఏది?

మూర్ఛవ్యాధి ఉన్న అభ్యర్థిని ఉద్యోగంలోకి తీసుకోవాలా వద్దా అన్నది తేల్చడానికి అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ ఉద్యోగంలోని ముఖ్యమైన పనులను ఈ మనిషి, అవసరమైతే కొద్దిపాటి సర్దుబాట్లతో, చేయగలడా? న్యాయమైన నియామక పద్ధతులన్నీ ఈ ప్రశ్న చుట్టూ అల్లుకున్నవే. ఆచరణలో చాలాచోట్ల దీని స్థానంలో వేరే ప్రశ్న వచ్చి కూర్చుంటుంది. దరఖాస్తు ఫారంలో బీపీ, షుగర్, గుండెజబ్బుల వరసలోనే ‘ఫిట్స్: అవును / కాదు’ అని రెండు గళ్లు ఉంటాయి. ‘అవును’ దగ్గర టిక్కు పెడితే ఆ ఫైలు పక్కకు పోతుంది. ‘కాదు’ దగ్గర పెడితే ఉద్యోగం వస్తుంది గానీ, ఆ రోజు నుంచి ఒక రహస్యాన్ని మోయాలి. పదేళ్ల కిందట రెండుసార్లు ఫిట్స్ వచ్చి ఆ తర్వాత ఎన్నడూ రానివాళ్లకూ, నెలకు రెండుమూడుసార్లు స్పృహ తప్పేవాళ్లకూ ఆ ఫారంలో ఉన్నది ఒకటే గడి.

పేరొకటే, మనుషులు వేరు

మెదడులోని కణాలు ఒకదానికొకటి సన్నని విద్యుత్ సంకేతాలు పంపుకుంటూ పనిచేస్తాయి. ఆ విద్యుత్తు కాసేపు అదుపు తప్పి ఒక్కసారిగా చెలరేగితే వచ్చేదే ఫిట్. జ్వరం, తలకు తగిలిన దెబ్బ లాంటి తక్షణ కారణమేదీ లేకుండా, కనీసం 24 గంటల తేడాతో రెండుసార్లు ఫిట్స్ వస్తే మూర్ఛవ్యాధిగా లెక్కిస్తారు. ఒక్కసారే వచ్చినా, మళ్లీ వచ్చే అవకాశం చాలా ఎక్కువని పరీక్షల్లో తేలితే 2014 నుంచి దాన్ని కూడా మూర్ఛవ్యాధిగానే గుర్తిస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి ఈ జబ్బు ఉంది. సకాలంలో గుర్తించి సరైన మందులు వాడితే వాళ్లలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకగలరు. ఇది పిచ్చి కాదు, గాలి సోకడం కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది అసలే కాదు. పుట్టినప్పుడు మెదడుకు ప్రాణవాయువు సరిగా అందకపోవడం, రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ, పక్షవాతం, మన దేశంలో తరచుగా కనిపించే బద్దెపురుగు గుడ్ల వల్ల మెదడులో ఏర్పడే తిత్తులు, ఇలా దీనికి కారణాలు అనేకం. చాలామందిలో కారణం దొరకదు కూడా.

ఫిట్స్ అనగానే అందరి కళ్ల ముందూ కదిలేది ఒకే దృశ్యం: మనిషి ధబేలున పడిపోవడం, కాళ్లూ చేతులూ కొట్టుకోవడం, నోట్లో నురగ. అది ఒక రకం మాత్రమే. కొందరు కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయి, ఏమీ జరగనట్టే మళ్లీ పనిలో పడతారు. పక్కన కూర్చున్నవాళ్లకు ఆ సంగతి తెలియకపోవచ్చు. కొందరికి ఒక చెయ్యి మాత్రమే అదురుతుంది, స్పృహలోనే ఉంటారు. కొందరు స్పృహ సగం తప్పి చొక్కా గుండీలు సర్దుకుంటూ, నోరు చప్పరిస్తూ ఒకటి రెండు నిమిషాలు గడుపుతారు. కొందరికి ఎప్పుడొచ్చినా నిద్రలోనే వస్తుంది. కడుపులో తిప్పినట్టో, ఏదో వాసన వచ్చినట్టో ముందుగా తెలిసి, పక్కకు వెళ్లి కూర్చోగలిగేవాళ్లూ ఉన్నారు. నిద్రలో మాత్రమే ఫిట్స్ వచ్చే మనిషికి పగటిపూట అకౌంట్స్ పని ఇవ్వనంటే, అందుకు చూపించే కారణం ఏమై ఉంటుంది? జబ్బు పేరు తప్ప మరేమీ లేదు.

పనిని ముందు రాసుకోవాలి

న్యాయమైన నియామకం అభ్యర్థి గది తలుపు తీయకముందే మొదలవుతుంది. ఆ ఉద్యోగంలో తప్పనిసరి పనులు ఏవి, అలవాటుగా చేరిపోయిన పనులు ఏవి అన్నది యజమాని ముందుగా విడదీసి రాసుకోవాలి. ఇది కాగితం మీద చిన్న పనిలా కనిపిస్తుంది. అన్యాయం ఎక్కువగా దొర్లేది ఇక్కడే.

బట్టల దుకాణంలో సేల్స్‌మన్ ఉద్యోగమే తీసుకుంటే, చీరలు పరిచి చూపించడం, రంగులూ నేతా చెప్పడం, ధర కుదిర్చి బిల్లు కౌంటర్‌కు పంపడం అసలు పని. పై అరలోని తానులు దించడానికి నిచ్చెన ఎక్కడం కూడా రోజూ జరిగేదే, కానీ దాన్ని ఐదుగురు సేల్స్‌మెన్లలో ఎవరైనా చేయవచ్చు. ఫిట్స్ ఉన్న మనిషికి నిచ్చెన పని తప్పించి, అందుకు బదులు సాయంత్రం మడతలు పెట్టే పని అప్పజెప్పితే దుకాణానికి పోయేదేమీ లేదు. ‘నిచ్చెన ఎక్కలేడు కాబట్టి ఉద్యోగం లేదు’ అనడం, ఒక్క మెట్టు కోసం ఇంటినే వద్దనుకోవడం లాంటిది.

ఇలాంటిదే మరో షరతు: ‘సొంత బైకు, డ్రైవింగ్ లైసెన్సు తప్పనిసరి’. మెడికల్ రెప్రజెంటేటివ్, కలెక్షన్ ఏజెంట్, ఫీల్డ్ సేల్స్ ప్రకటనల్లో ఇది దాదాపు ప్రతిచోటా కనిపిస్తుంది. మన దేశంలో లైసెన్సుకు దరఖాస్తు చేసేవాళ్లు ఫారం–1లో తమకు మూర్ఛ గానీ, హఠాత్తుగా స్పృహ తప్పే జబ్బు గానీ ఉందో లేదో స్వయంగా ప్రకటించాలి. నిజం రాసినవాళ్లకు లైసెన్సు దొరకడం కష్టం. కాబట్టి ఈ షరతు మూర్ఛ అన్న మాట ఎత్తకుండానే వాళ్లను బయట నిలబెడుతుంది. అసలు పని బండి నడపడమా, డాక్టర్ల దగ్గరికి సమయానికి చేరడమా అని ఆలోచిస్తే బస్సు, మెట్రో, ఆటో ఖర్చుతో తేలిపోయే ఉద్యోగాలు చాలా ఉన్నాయి. అంబులెన్సు డ్రైవర్ ఉద్యోగం సంగతి వేరు. అక్కడ బండి నడపడమే పని.

ఆరోగ్యం గురించి ఎప్పుడు అడగాలి

ఇంటర్వ్యూలో ఆరోగ్యం గురించి అడగకపోవడమే మంచి పద్ధతి. బ్రిటన్‌లో 2010 నాటి సమానత్వ చట్టం దీన్ని నియమంగానే పెట్టింది: ఉద్యోగం ఇస్తామని చెప్పేదాకా యజమాని అభ్యర్థి ఆరోగ్యం గురించి ఆరా తీయకూడదు. ఇంటర్వ్యూకు ఏమైనా సదుపాయాలు కావాలా అని తెలుసుకోవడానికి, ఆ పనికి విడదీయరాని సామర్థ్యం ఉందా అని చూడటానికి మాత్రం కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అమెరికాలో 1990 నాటి వికలాంగుల చట్టం మూడు దశలు పెట్టింది. ఆఫర్‌కు ముందు జబ్బుల ప్రశ్నలు ఉండకూడదు. ఆఫర్ ఇచ్చాక వైద్యపరీక్ష పెట్టవచ్చు, అయితే ఆ ఉద్యోగంలో చేరే అందరికీ పెట్టాలి. ఉద్యోగంలో చేరిన తర్వాత పనికి సంబంధం ఉంటేనే అడగాలి. ఈ క్రమం వెనుక ఉన్న ఆలోచన తేలికైనదే. ఆఫర్ ఇచ్చాక ‘ఫిట్స్ ఉన్నాయి’ అని తెలిసి వెనక్కి తీసుకుంటే, ఎందుకు తీసుకున్నారో అందరికీ కనిపిస్తుంది. ముందే అడిగి పక్కన పెడితే ‘మరొకరు ఇంకా మెరుగ్గా చేశారు’ అన్న మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

వైద్యపరీక్ష చేసే డాక్టరు కూడా ‘ఫిట్’, ‘అన్‌ఫిట్’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే సరిపోదు. అతని ముందు ఆ ఉద్యోగపు పనుల పట్టిక ఉండాలి. ఎలాంటి ఫిట్స్, చివరిసారి ఎప్పుడొచ్చింది, స్పృహ పోతుందా, ముందుగా తెలుస్తుందా, కోలుకోవడానికి ఎంతసేపు పడుతుంది, మందులు క్రమంగా వేసుకుంటున్నారా, ఏ పరిస్థితిలో ఎక్కువగా వస్తాయి, ఇవన్నీ ఆ మనిషికి వైద్యం చేస్తున్న న్యూరాలజిస్టు చెప్పగలరు. ఆ వివరాలు వైద్యుడి ఫైల్లోనే ఆగిపోవాలి. మేనేజరుకు తెలియాల్సింది ‘ఎత్తు మీద పని వద్దు, నైట్ షిఫ్ట్ వద్దు, మిగతా అంతటికీ అర్హుడు’ అన్నంత వరకే.

అమెరికా చట్టం ప్రమాదాన్ని తూచడానికి ఒక కొలత ఇచ్చింది. ప్రమాదం ఎంతకాలం ఉంటుంది, జరిగితే నష్టం ఎంత తీవ్రం, జరిగే అవకాశం ఎంత, ఎంత దగ్గర్లో ఉంది అన్న నాలుగింటినీ వైద్య సమాచారం ఆధారంగా చూడాలి. ‘ఏమో, ఏమైనా జరిగితే?’ అన్న బెంగ ఆ కొలతకు సరిపోదు. ఏ దేశంలోనైనా వాడుకోదగిన కొలత ఇది.

నిజంగా కుదరని ఉద్యోగాలు

కొన్ని ఉద్యోగాలకు కట్టడి ఉండటం న్యాయమే. విమానం, రైలు, లారీ, బస్సు, క్రేన్ నడపడం, ఎత్తయిన కట్టడాల మీద పని, కరెంటు స్తంభాలు ఎక్కడం, లోతు నీటిలో పని, అడ్డుగోడ లేని కొలిమి దగ్గర, రక్షణ తొడుగు లేని యంత్రం దగ్గర పని, వీటిలో అర నిమిషం స్పృహ తప్పినా ప్రాణం మీదికి వస్తుంది. ఇక్కడ కూడా కాలం లెక్కలోకి రావాలి. బ్రిటన్‌లో ఏడాదిపాటు ఫిట్స్ రానివాళ్లు సాధారణంగా కారు నడపవచ్చు. బస్సు, లారీ లైసెన్సుకు మాత్రం మందులు కూడా లేకుండా పదేళ్లు ఫిట్స్ రాకుండా ఉండాలి. ఒకే జబ్బుకు పనిని బట్టి ఒకచోట ఏడాది, మరోచోట పదేళ్లు పెట్టడం వెనుక ఆలోచన ఉంది. జీవితాంతం ఒకే తలుపు మూసేయడం వెనుక అది కనిపించదు.

కట్టడి ఎంత అవసరమో, దాపరికానికి దారితీసే వాతావరణం ఎంత ప్రమాదమో జపాన్‌లో జరిగిన ఒక దుర్ఘటన చూపించింది. 2011 ఏప్రిల్‌లో తొచిగి ప్రాంతంలోని కనుమ పట్టణంలో క్రేన్ లారీ నడుపుతున్న వ్యక్తికి ఫిట్స్ వచ్చి, బడికి నడిచి వెళ్తున్న పిల్లల మీదికి బండి దూసుకుపోయింది. ఆరుగురు పిల్లలు చనిపోయారు. అతను తన జబ్బు సంగతి లైసెన్సు అధికారులకూ యజమానికీ దాచాడు. ముందురోజు రాత్రి మందు కూడా వేసుకోలేదు. ఆ తర్వాత 2013లో జపాన్ రోడ్డు ట్రాఫిక్ చట్టాన్ని సవరించి, లైసెన్సు దరఖాస్తులో జబ్బు దాచినవాళ్లకు శిక్ష పెట్టింది. అతని తప్పును ఎవరూ తేలిక చేయలేరు. కానీ చెప్పినవాళ్ల కూడు పోయే చోట ఎంత కఠినమైన శిక్ష పెట్టినా కొందరు చెప్పరు. ‘ఇది చెప్తే క్రేన్ పోతుంది, కానీ యార్డులో స్టోర్స్ పని ఉంటుంది’ అన్న భరోసా ఉన్నచోట నోరు విప్పడం తేలిక.

మన చట్టం ఎంతదాకా వచ్చింది

మూర్ఛను మన చట్టాలు చాలాకాలం అనుమానంగానే చూశాయి. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో, పదేపదే ఫిట్స్ వచ్చేవాళ్లు పెళ్లికి అనర్హులన్న మాట ఉండేది. 1999 సవరణ దాన్ని తీసేసింది. ఉద్యోగాల విషయంలో అంత స్పష్టమైన మలుపు ఇంకా రాలేదు.

2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం, 2016 మొత్తం 21 రకాల వైకల్యాలను పట్టికలో చేర్చింది. దీర్ఘకాలిక నాడీ సమస్యల కింద మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్ పేర్లు ఉన్నాయి గానీ మూర్ఛ పేరు విడిగా లేదు. అందువల్ల ఫిట్స్ మాత్రమే ఉన్న మనిషికి ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ అందడం లేదు. మరోవైపు, అదే చట్టం వికలాంగులు ఎవరో చెప్పేటప్పుడు చాలా విశాలమైన నిర్వచనం ఇచ్చింది. దీర్ఘకాలిక శారీరక, మానసిక సమస్య, సమాజంలోని అడ్డంకులతో కలిసి, ఇతరులతో సమానంగా పాల్గొనకుండా చేస్తే ఆ మనిషి ఈ చట్టం కిందికి వస్తాడు. ఫిట్స్ ఉన్న మనిషికి ఎదురయ్యేది సరిగ్గా ఇదే: జబ్బు కొంత, జనం భయం కొండంత.

2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ దారిని కొంచెం వెడల్పు చేసింది. రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోయే నాడీ సమస్య ఉన్న ఒక సివిల్ సర్వీసెస్ అభ్యర్థి, పరీక్ష రాయడానికి సహాయకుడు కావాలని అడిగాడు. అందుకు 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉండి తీరాలన్న వాదనను కోర్టు ఒప్పుకోలేదు. తగిన సర్దుబాట్లు పొందే హక్కు ఆ శాతానికి ముడిపడిలేదని చెప్పింది. రిజర్వేషన్ ఒక విషయం, సర్దుబాటు మరో విషయం. మూర్ఛ ఉన్నవాళ్ల తరఫున వాదించేవాళ్లకు ఇది బలమైన ఆధారం.

చట్టం ఎవరికి వర్తిస్తుందన్న విషయంలో అమెరికాలోనూ ఒకప్పుడు ఇలాంటి చిక్కే ఉండేది. 1999లో అక్కడి సుప్రీంకోర్టు చూపు సమస్యల కేసులో, మందులూ కళ్లద్దాలూ వాడాక మిగిలే పరిస్థితినే చూడాలని చెప్పింది. దాంతో మందులతో ఫిట్స్ అదుపులో ఉన్నవాళ్లు వికలాంగులు కాదు కాబట్టి చట్టం వర్తించదని అన్నారు. అదుపులో లేనివాళ్లు పనికి పనికిరారన్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. 2008లో చట్టాన్ని సవరించి, అప్పుడప్పుడూ మాత్రమే బయటపడే జబ్బులను కూడా, అవి బయటపడినప్పటి తీవ్రతను బట్టే చూడాలని సరిదిద్దారు. మన చట్టంలో ఈ మాట ఇంత నేరుగా రాయవలసి ఉంది.

మన చట్టం ప్రకారం ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి. 20 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు అందులో ఏయే సదుపాయాలు ఇస్తాయో, ఎవరిని సంప్రదించాలో వివరంగా రాయాలి. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వోద్యోగిని తీసేయడానికి, హోదా తగ్గించడానికి వీల్లేదు. ఆ పని చేయలేకపోతే అదే జీతంతో మరో పోస్టులోకి మార్చాలి. రైల్వేలో వైద్యపరీక్షలో తప్పి ‘డీకేటగరీ’ అయిన లోకోపైలట్‌ను మరో డ్యూటీలో సర్దడం ఎప్పటినుంచో ఉన్న ఏర్పాటే. 2025లో సుప్రీంకోర్టు తెలంగాణ ఆర్టీసీ డ్రైవర్ ఒకరి విషయంలో, రంగులు గుర్తించలేకపోయినంత మాత్రాన ఇంటికి పంపకుండా మరో ఉద్యోగం చూపించాలని ఆదేశించింది. చట్టాన్ని ఉల్లంఘిస్తే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. మొదటిసారి తప్పుకు 10 వేల రూపాయల దాకా, ఆ తర్వాత 50 వేల నుంచి 5 లక్షల దాకా జరిమానా ఉంది.

చెప్పాలా, వద్దా

చెప్పడమా మానడమా అన్నది ఉద్యోగి నిర్ణయం. యంత్రాలు, వాహనాలు, ఎత్తు, నిప్పు లేని పనిలో మందులతో అదుపులో ఉన్న జబ్బు గురించి ఊరంతా చాటాల్సిన పనిలేదు. తనకో ఇతరులకో ప్రమాదం ఉన్న పని అయితే చెప్పకపోవడం తప్పు. రాతపూర్వకంగా నేరుగా అడిగినప్పుడు అబద్ధం రాస్తే, తర్వాత ఆ అబద్ధమే ఉద్యోగం పోవడానికి సాకు అవుతుంది. ఆడవాళ్లకు ఈ ముడి ఇంకా బిగుస్తుంది. ఆఫీసులో చెప్తే అక్కడి నుంచి అత్తవారింటికో, సంబంధం చూస్తున్న ఇంటికో చేరుతుందన్న భయం ఉంటుంది. హెచ్‌ఆర్ దగ్గర చెప్పిన మాట క్యాంటీన్‌లో వినపడిందంటే ఆ సంస్థలో ఇంకెవరూ నోరు విప్పరు. తెలిసినవాళ్లు ఎందరుండాలో, ఎవరెవరో ఉద్యోగినే అడిగి రాసుకోవాలి. సాధారణంగా ఇద్దరు చాలు: పై అధికారి, పక్క సీటు మనిషి.

సర్దుబాట్లు

వీటికి పెద్ద ఖర్చు ఉండదు. ఫిట్స్‌ను రేపే కారణాల్లో ముఖ్యమైనవి మందు వేళ తప్పడం, నిద్ర చాలకపోవడం. హైదరాబాద్ ఐటీ, కాల్‌సెంటర్ ఉద్యోగాల్లో వారం పగలు, వారం రాత్రి తిప్పే షిఫ్టులు ఈ రెంటినీ ఒకేసారి దెబ్బతీస్తాయి. స్థిరమైన పగటి షిఫ్టు ఇవ్వడం చాలామందికి మందుతో సమానం. బండి నడపలేనివాళ్లకు ఆఫీసు క్యాబ్, లేదా బస్సు వేళలకు కుదిరే డ్యూటీ సమయం. మెరిసే వెలుతురు పడనివాళ్లు మూర్ఛ ఉన్న వాళ్లలో నూటికి ముగ్గురి చొప్పునే ఉంటారు. వాళ్లకు మినుకుమనే ట్యూబులైటు మార్చడం, స్క్రీన్ సర్దడం సరిపోతుంది. కొత్త మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో మగత, మందకొడితనం ఉంటాయి. దాన్ని బద్ధకంగా రాసుకోకూడదు. డాక్టరు అపాయింట్‌మెంటుకు పూట సెలవు. ఒంటరిగా గోదాములో రాత్రి కాపలా కాకుండా ఎవరైనా తోడున్న చోట పని. వర్క్‌షాపులో యంత్రానికి తొడుగు, చెయ్యి తీయగానే ఆగే మీట. ఈ చివరి రెండూ అసలు అక్కడ పనిచేసే అందరికీ ఉండాల్సినవే.

ఆఫీసులో ఫిట్స్ వచ్చిన రోజు

సిబ్బందికి ముందే చెప్పి ఉంచకపోతే ఆ రోజు జరిగేది ఒకేలా ఉంటుంది. కుర్చీలోంచి మనిషి పక్కకు ఒరుగుతాడు. ఒకరు తాళాల గుత్తి తెచ్చి పిడికిట్లో కుక్కుతారు, ఒకరు ఉల్లిపాయ కోసం క్యాంటీన్‌కు పరిగెడతారు, ఇంకొకరు పళ్ల మధ్య చెంచా పెట్టబోతారు. ఇనుముకూ ఫిట్స్‌కూ ఏ సంబంధం లేదు. పళ్ల మధ్య పెట్టినది పన్ను విరగడానికీ, ఊపిరి అడ్డుపడటానికీ తప్ప ఉపయోగపడదు. చేయాల్సింది తక్కువే. చుట్టూ ఉన్న కుర్చీలు, గాజు వస్తువులు జరిపి, తల కింద మడిచిన శాలువానో బ్యాగో పెట్టాలి. మెడ దగ్గర టై, గుండీ వదులు చేయాలి. కదలికలను గట్టిగా పట్టి ఆపకూడదు. కదలిక తగ్గగానే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. వాచీ చూసుకోవాలి. చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి. ఐదు నిమిషాలు దాటితే, వెంటవెంటనే మళ్లీ వస్తే, దెబ్బ తగిలితే, లేదా అదే మొదటి ఫిట్ అయితే 108కి ఫోన్ చేయాలి. పూర్తిగా తేరుకునేదాకా మంచినీళ్లు కూడా తాగించకూడదు.

స్పృహ వచ్చాక ఆ మనిషికి మొదట కనిపించేది తన చుట్టూ మూగిన ముఖాలు. ప్యాంటు తడిసి ఉండొచ్చు. అందుకే గుంపును పంపించేసి ఒక్కరు పక్కన ఉండటం, దుప్పటి కప్పడం, ఎక్కడున్నారో మెల్లగా చెప్పడం కూడా ప్రథమ చికిత్సలో భాగమే. కొందరు పావుగంటలో మళ్లీ సీట్లో కూర్చుంటారు, కొందరికి ఆ పూటంతా నిద్ర కావాలి. మర్నాడు తిరిగి వచ్చినప్పుడు అంతా మామూలుగా సాగాలి. ఒక్క ఫిట్ వచ్చిందని కొత్త ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెచ్చేదాకా గేటు దగ్గర ఆపడం, రాజీనామా రాసివ్వమనడం ఆ పనికి అవసరమైన జాగ్రత్త కిందికి రావు. పక్కన ఉన్న సహోద్యోగి ఒక చీటీ మీద నాలుగు సంగతులు రాసి ఇస్తే చాలు: ఎన్నింటికి మొదలైంది, ఎన్ని నిమిషాలు పట్టింది, ముందు ఏ పక్క అదిరింది, ఎంతసేపటికి మాట వచ్చింది. ఫిట్స్ వచ్చిన మనిషి తనను తాను చూసుకోలేదు కాబట్టి, మందు మోతాదు మార్చాలా వద్దా అని న్యూరాలజిస్టు చూసేటప్పుడు అన్నిటికంటే పనికొచ్చే కాగితం ఆ చీటీ.